మంచం కింది జంక్షను

కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగిన మాకు గడియారంతో పెద్దగా పనుండేది కాదు. ఏ బండి కూత వినపడిందో దాన్నిబట్టి బడికి బయల్దేరేవాళ్ళం. మా నాన్న గూడ్సు గార్డు. డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఆయన వెంట ఒక ఇనప పెట్టె వెళ్ళేది. ఎర్రజెండా, పచ్చజెండా, లాంతరు అన్నీ అందులోనే. వేసవి సెలవుల్లో గచ్చు మీద సుద్దముక్కతో పట్టాలు గీసి, ఖాళీ అగ్గిపెట్టెలు దారంతో కట్టి లాగేవాళ్ళం. ఒకరోజు నాన్న కాసేపు నిలబడి చూసి, కింద కూర్చుని, నా పట్టాల పక్కనే ఇంకో గీత గీశారు. "ఇది లూప్ లైను. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వస్తోంది. ఇప్పుడు నీ గూడ్సు ఏం చెయ్యాలి?" అన్నారు. అప్పటిదాకా ఊరికే బండి లాగుతున్నాను. ఆ గీత పడ్డాక ఆలోచించాల్సి వచ్చింది.

మా చెల్లెలి కూతురి తొమ్మిదో పుట్టినరోజుకి మా మరిది ఒక రైలు సెట్టు కొన్నాడు. గుండ్రటి పట్టాలు, ఒక ఇంజను, మూడు పెట్టెలు, తిప్పితే వేగం పెరిగే ఒక మీట. మొదటి రోజు అపార్ట్‌మెంటు పిల్లలంతా వచ్చారు. రెండో రోజు ఇద్దరే వచ్చారు. నాలుగో రోజుకి అట్టపెట్టె మంచం కిందికి చేరింది. పిల్లకి దేనిమీదా నిలకడ లేదని మరిది బాధ. నాకలా అనిపించలేదు. గుండ్రంగా తిరిగే బండి చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ పిల్లని ఏమీ అడగదు. అది ఏ ఊరికీ పోదు, దేనికోసమూ ఆగదు.

నెల తర్వాత నేను సికింద్రాబాద్ వెళ్ళినప్పుడు ఆ పెట్టె బయటికి తీయించాను. ఈసారి ఇంజను సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. వేలితో తోస్తే కదిలింది, ఇంకో చుట్టు వేసి మళ్ళీ అదే చోట ఆగింది. మరిది గుడ్డ తీసుకుని లేవబోయాడు. కూర్చోమన్నాను. నెలరోజుల్లో ఆ సెట్టు ఆ పిల్లని మొదటిసారి ఒక ప్రశ్న అడిగింది. దాన్ని మనం తుడిచెయ్యకూడదు.

ఇలాంటి ఇంజనులో బ్యాటరీ ఉండదు. అడాప్టరు నుంచి వచ్చే 12 వోల్టుల కరెంటు ఒక పట్టా మీదుగా వచ్చి, చక్రం గుండా మోటారులోకి వెళ్ళి, అవతలి చక్రం గుండా రెండో పట్టా మీదికి దిగి వెనక్కి పోతుంది. అంటే ఇంజను తానే ఆ వలయాన్ని పూర్తిచేసే వంతెన. ఈ దారిలో ఎక్కడ తెగినా బండి ఆగుతుంది. తీగ ఊడిందా? పట్టాల అతుకు వదులైందా? చక్రానికి దుమ్ము పట్టిందా? పాప ఒక్కొక్కటీ అనుమానిస్తూ వచ్చింది. ఇంజను తీసి పక్క ముక్క మీద పెట్టింది, నడిచింది. అయితే జబ్బు ఇంజనులో లేదు. ఆగిన చోట పట్టా మీద తెల్లకాగితం ముక్కతో గట్టిగా రుద్దింది. కాగితం నల్లబడింది. చేతి జిడ్డు, గాలిలోని దుమ్ము, లోహం మీద పట్టిన పలచటి పొర కలిసి కరెంటుని ఆపేస్తున్నాయి. రుద్దాక బండి సాఫీగా నడిచింది. ఆ నల్లటి కాగితం ముక్కని తను నోటుబుక్కులో అంటించుకుంది. డాక్టర్లు జబ్బు కనిపెట్టే పద్ధతీ, మెకానిక్కు స్కూటరు బాగుచేసే పద్ధతీ ఇదే. ఒక్కో కారణాన్ని విడదీసి, పరీక్షించి, కొట్టివేస్తూ రావడం. సైన్సు పాఠ్యపుస్తకంలో ఈ పద్ధతికి ఒక పేజీ ఉంటుంది గానీ, చేత్తో చేసే అవకాశం పిల్లలకు చాలా తక్కువగా దొరుకుతుంది.

నమూనా రైళ్ళ చరిత్ర పెద్దదే. జర్మనీకి చెందిన మార్క్లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో, ముక్కలు కలుపుకుంటూ పెంచుకోగల పట్టాల సెట్టుని నిర్ణీత కొలతలతో ప్రవేశపెట్టింది. ఇవాళ కొన్న ఇంజనుకి రేపు కొన్న పట్టాలు సరిపోవడం అనే మామూలు సంగతే ఈ అభిరుచికి ప్రాణం పోసింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత హెచ్‌ఓ. అసలు బండిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం పదహారున్నర మిల్లీమీటర్లు. ఇంకా చిన్న ఇళ్ళ కోసం 160వ వంతు ఉండే ఎన్ స్కేలు ఉంది, కానీ ఆ పెట్టెలు చిన్నపిల్లల వేళ్ళకి పట్టాల మీద సరిగ్గా కూర్చోవు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకి హెచ్‌ఓ నయం. మా పాప సెట్టూ అదే.

ఈ 87 అనే అంకె ఒక్కటి చాలు, ఒక వేసవి గడిచిపోతుంది. మా పాపకి నేను టేపు ఇచ్చి వదిలేశాను. ముందు వేగం కొలిచింది. తన గుండ్రటి దారి చుట్టుకొలత దాదాపు 2.9 మీటర్లు. మీట పూర్తిగా తిప్పితే బండి మూడు సెకన్లలో ఒక చుట్టు తిరుగుతోంది. దాన్ని 87తో పెంచి చూస్తే అసలు రైలు గంటకు 300 కిలోమీటర్లతో పోతున్నట్టు! గంటకు 130 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌లా నడవాలంటే సెకనుకి 41 సెంటీమీటర్లు, అంటే ఒక చుట్టుకి ఏడు సెకన్లు పట్టాలి. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో బండి నెమ్మదిగా నడుస్తోంది.

తర్వాత మలుపు. మన బ్రాడ్‌గేజిలో అతి వంపు తిరిగిన మలుపుకి కూడా వ్యాసార్ధం 175 మీటర్లు ఉండాలి. 87తో భాగిస్తే రెండు మీటర్లు. అంటే నిజాయితీగా మలుపు వెయ్యాలంటే నాలుగు మీటర్ల వెడల్పున్న గది కావాలి. సెట్టులో వచ్చిన మలుపు వ్యాసార్ధం 46 సెంటీమీటర్లే. అసలులో అది 40 మీటర్లు, ఏ బ్రాడ్‌గేజి రైలూ తిరగలేని మలుపు. అలాగే 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ ఏడు మీటర్లకు కాస్త తక్కువ పొడవవుతుంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కి ఉన్న 132 కిలోమీటర్లు ఒకటిన్నర కిలోమీటర్లవుతాయి. కాబట్టి నమూనా కట్టేవాళ్ళు ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకోవాలి. అయిదు పెట్టెలతో రైలు అనిపించాలి, రెండు అడుగుల ప్లాట్‌ఫారంతో జంక్షను అనిపించాలి. పటం గీసేవాడూ కథ రాసేవాడూ చేసేది కూడా ఈ ఎంపికే.

పట్టాలు కొలిచినప్పుడు ఇంకో తేడా దొరికింది. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు అంటే 19 మిల్లీమీటర్లు దాటాలి. సెట్టు పట్టాలు పదహారున్నరే ఉన్నాయి. ఎందుకంటే ఆ కొలత 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజి కోసం పుట్టింది, యూరప్, అమెరికాల్లో ఎక్కువగా నడిచేది అదే. మన ఇంజను నమూనాలు కూడా చాలావరకు ఆ ఇరుకు పట్టాల మీదే నడుస్తాయి. "మరి హైదరాబాద్ మెట్రో?" అని అడిగింది పాప. మెట్రోది స్టాండర్డ్ గేజే. దానికి ఈ పట్టాలు అచ్చంగా సరిపోతాయి.

బరువు సంగతి వచ్చేసరికి పెద్దవాళ్ళు కూడా పొరపాటు పడతారు. డబ్ల్యూఏపీ-7 ఇంజను బరువు 123 టన్నులు. 87తో భాగిస్తే టన్నుకు పైనే వస్తుంది. అంత బరువున్న బొమ్మ ఎవరికి కావాలి! పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 87 వంతులు తగ్గితే, బరువు 87ని మూడుసార్లు గుణించినంత, అంటే ఆరున్నర లక్షల వంతులకు పైగా తగ్గుతుంది. లెక్క చేస్తే 187 గ్రాములు. ఒక పెద్ద జామకాయంత. 40 టన్నుల పెట్టెకి 61 గ్రాములు రావాలి. కానీ అంత తేలిగ్గా చేస్తే పెట్టె ప్రతి అతుకు దగ్గరా ఎగిరి పడిపోతుంది. అమెరికాలో 1935 నుంచి ఉన్న జాతీయ నమూనా రైలు సంఘం సిఫారసు ప్రకారం అలాంటి పెట్టె 160 గ్రాములకు పైనే ఉండాలి. లోపల ఇనప నట్లు అతికించి బరువు పెంచుతారు. చిన్నదాన్ని చిన్నదిగా చేసినంత మాత్రాన ప్రకృతి నియమాలు దాంతోపాటు చిన్నవైపోవు. భూమ్యాకర్షణకి మనది బొమ్మ రైలని తెలియదు. బల్ల మీంచి జారిన ఇంజను 75 సెంటీమీటర్లు పడటానికి సెకనులో సగం కన్నా తక్కువే, 0.39 సెకన్లు, పడుతుంది. అసలు ప్రపంచంలో అది 65 మీటర్ల లోయ, అక్కడ పడటానికి 3.6 సెకన్లకు పైనే పట్టాలి. సినిమాల్లో బొమ్మ రైలు లోయలో పడే దృశ్యాన్ని కెమెరా వేగం పెంచి తీసి, నెమ్మదిగా చూపించేది ఇందుకే.

ఇక చక్రాలు. రైలు మలుపులో పట్టా దిగకుండా ఎలా తిరుగుతుందని అడగండి, చాలామంది చక్రానికి లోపలివైపు ఉండే అంచు వల్ల అంటారు. ఆ అంచు చివరి కాపలా మాత్రమే. అసలు పని చేసేది చక్రం వాలు. కాగితపు టీ కప్పులు రెండు తీసుకుని మూతులు కలిపి టేపు వెయ్యండి. మధ్యలో లావుగా, రెండు కొసల్లో సన్నగా ఉండే డోలు లాంటిది తయారవుతుంది. రెండు పొడవాటి కర్రల్ని పట్టాల్లా కొంచెం వాలుగా పెట్టి దాన్ని పైనుంచి వదలండి. కాస్త వంకరగా వదిలినా అటూ ఇటూ ఊగి తానే మధ్యకి సర్దుకుంటుంది. ఇప్పుడు అడుగులు కలిపి అతికించండి, డమరుకంలా. రెండడుగులు కూడా వెళ్ళకుండా పడిపోతుంది.

కారణం ఇది. రైల్లో రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, ఒకటి తిరిగినన్నిసార్లే రెండోదీ తిరగాలి. చక్రం లోపలివైపు లావు, బయటివైపు సన్నం. బండి ఎడమకి జరిగితే ఎడమ చక్రం తన లావుపాటి భాగం మీద, కుడి చక్రం సన్నటి భాగం మీద దొర్లుతాయి. లావు చక్రం ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఇరుసు కుడివైపు తిరుగుతుంది. ఎవరూ స్టీరింగు పట్టనక్కర్లేదు. అసలు చక్రానికి మామూలుగా ఇరవైకి ఒకటి చొప్పున వాలు ఉంటుంది, అంటే మూడు డిగ్రీలకు కొంచెం తక్కువ. అరచేతిలో పట్టే నమూనా చక్రానికీ దాదాపు అంతే. డోలు, డమరుకం ప్రయోగం ఒకరోజు సాయంత్రం ఆ అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర పదకొండుమంది పిల్లలు చేశారు. కప్పులు అయిపోతే మరిదే కిందికి వెళ్ళి టీ కొట్టు నుంచి తెచ్చాడు.

పట్టాలు ఇంకొన్ని కొన్నాక పాప ఒక దారి వేసింది. బండి వెళ్ళి, మామిడి పిందె ఆకారంలో చుట్టు తిరిగి, తను బయల్దేరిన పట్టా మీదికే వెనక్కి రావాలి. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. చివరి ముక్క కలపగానే అడాప్టరు ఆగిపోయింది. ఎర్ర స్కెచ్‌పెన్నుతో ఎడమ పట్టా, నీలం పెన్నుతో కుడి పట్టా గీసుకుంటూ వెళ్ళమన్నాను. పిందె చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎర్రగీత వెళ్ళి నీలం గీతని తాకింది. తను పెన్ను అక్కడే ఆపి చాలాసేపు చూసింది. పట్టాలు వేసినవాళ్ళ చేతి తప్పు అందులో ఏమీ లేదు. వెనక్కి తిరిగి వచ్చే ప్రతి దారిలోనూ ఎడమది కుడిదవుతుంది. ఆ చుట్టుని రెండు చోట్లా విడదీసి, లోపలి ముక్కకి వేరే స్విచ్చు పెట్టి, బండి లోపల ఉండగా బయటి పట్టాల కరెంటు దిశ మార్చడమే మందు. ఆకారాలకు సంబంధించిన గణితంలో ఇది తొలి పాఠాల్లో ఒకటి. దీన్ని తొమ్మిదేళ్ళ పిల్ల స్కెచ్‌పెన్నులతో తేల్చుకుంది.

తెలుగు ఇళ్ళలో ఈ అభిరుచికి అడ్డం వచ్చేది ఖరీదు. విదేశీ ఇంజను ఒక్కటి కొనాలంటే వేలల్లో మాట, ఆ బాధ నాకు తెలుసు. కానీ మొదలుపెట్టడానికి ఇంజను అక్కర్లేదని గట్టిగా నమ్ముతాను. ఇంగ్లండుకి చెందిన అలన్ రైట్ అనే ఆయన తయారుచేసిన ఇంగిల్‌నుక్ అనే షంటింగు పజిల్ ఉంది. చార్టు కాగితం, ఎనిమిది అగ్గిపెట్టెలు, ఇంజనుగా ఇంకో పెట్టె చాలు. మూడు దారులు గీయండి. ఒకదాంట్లో అయిదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెంటిలో మూడేసి. మూడూ కలిసే చోట నుంచి బయటికి వచ్చే కొసలో ఇంజనూ మూడు వ్యాగన్లూ మాత్రమే పడతాయి. అగ్గిపెట్టెలకి ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసి దారుల్లో ఇష్టమొచ్చినట్టు నింపండి. చీటీలు తీసి అయిదు అంకెలు ఎంచండి. ఆ అయిదు వ్యాగన్లూ చీటీ వచ్చిన వరసలోనే అయిదు పట్టే దారిలో నిలబడాలి. ఎత్తి పెట్టకూడదు, తొయ్యాలి, లాగాలి, అంతే.

ఎన్ని రకాలుగా అడగవచ్చు? ఎనిమిదిని ఏడుతో, ఆరుతో, అయిదుతో, నాలుగుతో గుణించండి: 6,720. రోజుకొకటి ఆడినా పద్ధెనిమిదేళ్ళు పడుతుంది. నేను ఈ ఆటని పిల్లలతో ఆడిన ప్రతిసారీ ఒకటే గమనించాను. మొదట ముందున్న వ్యాగన్‌ని లాగుతారు, అది అడ్డమవుతుంది. కాసేపటికి చివర నుంచి ఆలోచించడం మొదలుపెడతారు. ఆఖరికి లోపల ఉండాల్సింది ఏది? అది ముందు పోవాలి. దాని మీద పడి ఉన్న వాటిని ఎక్కడ దాచాలి? కంప్యూటరు ప్రోగ్రాము రాసేవాళ్ళు రోజంతా చేసే ఆలోచన ఇది, యార్డులో షంటింగు మాస్టరు చేసేదీ ఇదే. ఎత్తులు లెక్కపెట్టి తక్కువ ఎత్తుల్లో ముగించినవాళ్ళు గెలిచినట్టు అంటే ఇంక వాళ్ళని అన్నానికి పిలవడం కష్టం.

బొమ్మ రైలుకీ కంప్యూటరుకీ ఉన్న బంధం నా ఊహ కాదు. అమెరికాలోని ఎమ్‌ఐటీలో విద్యార్థులు 1946లో ఒక నమూనా రైలు క్లబ్బు పెట్టుకున్నారు. కొందరు కొండలు, ఊళ్ళు, స్టేషన్లు చేసేవాళ్ళు. ఇంకో గుంపు బల్ల కిందే ఉండేది, సిగ్నళ్ళు, కరెంటు వాళ్ళ పని. టెలిఫోను ఎక్స్ఛేంజీల నుంచి వచ్చిన రిలేలతో, అంటే కరెంటుతో కదిలే స్విచ్చులతో, ఏ బండి ఏ దారిలో పోవాలో తేల్చే వలలు అల్లారు. తర్వాత కంప్యూటర్లు ఆ ప్రాంగణానికి వచ్చినప్పుడు రాత్రుళ్ళు వాటి దగ్గర కాపు కాసింది కూడా వాళ్ళే. హ్యాకింగ్ అనే మాట కంప్యూటరు లోకానికి వెళ్ళింది ఈ క్లబ్బు పరిభాష నుంచే, అప్పట్లో దాని అర్థం తెలివైన పనితనం. 1962లో వచ్చిన స్పేస్‌వార్ అనే తొలితరం కంప్యూటరు ఆట ఈ బృందానిదే. దాన్ని ఆడే మీటల్ని రైలు క్లబ్బులో పడి ఉన్న విడిభాగాలతో చేసుకున్నారు.

రైల్వేలు కూడా ఈ బొమ్మల్ని తేలిగ్గా చూడలేదు. ఇంగ్లండులోని మాంచెస్టర్ విక్టోరియా స్టేషనులో సిగ్నల్‌మెన్‌కి శిక్షణ ఇవ్వడానికి 1912లో కట్టిన నమూనా రైలుమార్గం ఇప్పటికీ యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఉంది. మన పుణెలో ఒక కుటుంబం చేత్తో నిలబెట్టిన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి జనానికి తెరిచి ఉంది. అటువైపు వెళ్ళేవాళ్ళు పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళాలి.

అయితే అన్నిటికన్నా ముందు తీసుకెళ్ళాల్సింది దగ్గర్లో ఉన్న స్టేషనుకే. ప్లాట్‌ఫారం మీద గీతకి ఇవతల, ఒక బెంచీ, ఒక నోటుబుక్కు. నేనూ పాపా మౌలాలీలో కూర్చున్నాం. బండి దాటగానే సిగ్నలు ఎర్రబడింది. "బండి పోయిందని దానికెవరు చెప్పారు పెద్దమ్మా?" అంది. విలియం రాబిన్సన్ అనే అమెరికన్ 1872లో పేటెంటు పొందిన ఉపాయం దీనికి మూలం. పట్టాల ఒక కొసన చిన్న బ్యాటరీ, రెండో కొసన రిలే. దారి ఖాళీగా ఉంటే కరెంటు పట్టాల గుండా వెళ్ళి రిలేని పైకి పట్టి ఉంచుతుంది, పచ్చ వెలుగుతుంది. బండి రాగానే దాని ఇరుసులు రెండు పట్టాలనీ కలిపేస్తాయి, కరెంటు అక్కడినుంచే వెనక్కి మళ్ళుతుంది, రిలే పడిపోతుంది, ఎరుపు. ఇందులో నన్ను ఎప్పుడూ కదిలించే తెలివి ఒకటుంది. తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా, పట్టా విరిగినా రిలే పడిపోతుంది. అంటే ఏం పాడైనా ఎరుపే వస్తుంది. ఎక్కడో కూర్చున్న ఒక మనిషి, తను ఎప్పటికీ చూడని ప్రయాణికుల గురించి ఎంత ఆలోచించి ఉంటే ఆ పద్ధతి పుట్టిందో పిల్లలకి చెప్పాలి. మేం ఇంట్లో ఒక చిన్న రిలే, రెండు ఎల్‌ఈడీలతో ఒక ముక్క పట్టాకి అదే పెట్టాం. ఆ ముక్కకి ఇంజను కరెంటు ఇవ్వకుండా విడదీసి, పెట్టెల్ని చేత్తో తోశాం. ఇనప చక్రాలున్న పెట్టెకి ఎరుపు వెలిగింది, ప్లాస్టిక్ చక్రాలున్న పెట్టెకి వెలగలేదు. ఎందుకో చెప్పాల్సిన పని లేకపోయింది.

పెద్దవాళ్ళ వల్ల జరిగే చెరుపు ఒకటి చెప్పాలి. ఉత్సాహం ఆపుకోలేక ప్లైవుడ్ కోసి, పట్టాలు బిగించి, కొండలు కట్టి, రంగులు వేసి, అంతా అయ్యాక పిల్లని పిలిచి మీట చేతికిస్తారు. అది వాళ్ళ రైల్వే అవుతుంది, పిల్లది కాదు. వంకరగా ఉన్నా స్టేషను పిల్లే కత్తిరించాలి. సోల్డరింగు, బ్లేడు, అడాప్టరు ప్లగ్గు మాత్రం పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి. మిగతా వాటిలో పిల్ల అడిగేదాకా చెయ్యి పెట్టకుండా ఉండటం నాకూ చేతనవడానికి ఏడాది పట్టింది.

ఈ వేసవికి పాప గోదావరి మీద పడింది. రాజమండ్రి దగ్గర 1997లో తెరిచిన ఆర్చి వంతెనకి 28 విల్లులు, ఒక్కోటి 97 మీటర్లకు పైనే. మొత్తం కట్టాలంటే 31 మీటర్లు కావాలి, ఒక్క విల్లుకి మీటరు పన్నెండు సెంటీమీటర్లు. ఒక్కటే కడదామని తేల్చుకుంది. దళసరి అట్టతో విల్లు కోసి రెండు పుస్తకాల దొంతర్ల మీద నిలబెట్టి పైన చెయ్యి ఆనిస్తే పుస్తకాలు చెరో వైపు జరిగిపోయాయి. విల్లు బరువుని కిందికే కాదు, పక్కలకీ తోస్తుంది. రెండు కొసల్నీ పురికొసతో బిగించి కట్టింది, వింటినారిలా. మళ్ళీ నొక్కింది. పుస్తకాలు కదల్లేదు. అసలు వంతెనలో ఆ నారి స్థానంలో ఉన్నది రైలు నడిచే పలకే. నారి పక్కతోపుని తనలో పట్టేసుకుంటుంది, నదిలోని స్తంభాలకి కిందికి దిగే బరువు మాత్రమే మిగులుతుంది.

నిన్న రాత్రి ఫోన్ చేసినప్పుడు విల్లు నుంచి కింది పలకకి పన్నెండు దారాలు వేలాడదీశానని చెప్పింది. ఇంజను నడిపావా అన్నాను. "ఇంకా లేదు పెద్దమ్మా. ముందు అరకిలో కందిపప్పు పొట్లం పెట్టి చూస్తున్నా. మధ్యలో నాలుగు మిల్లీమీటర్లు వంగింది. పొట్లం తీశాక మూడే లేచింది."